గాలి తెలిసిన మనిషి



ఈ రాత్రి మీతో ఒక ఓటమి గురించి మాట్లాడాలని వచ్చాను. 2009 జూలై 19, ఆదివారం. స్కాట్లండ్ పడమటి తీరంలో టర్న్‌బెర్రీ అనే చోట, గోల్ఫ్ ఆటలో అన్నిటికన్నా పాతదైన పోటీ, ఓపెన్ ఛాంపియన్‌షిప్ చివరి రోజు. ఆ సాయంత్రం టామ్ వాట్సన్ అనే అమెరికన్ ఆటగాడు ఓడిపోయాడు. అప్పటికి ఆయనకు 59 ఏళ్లు నిండి పది నెలలు. ఎడమ తుంటి కీలు తీసేసి కొత్త కీలు వేయించుకుని ఏడాది కూడా కాలేదు. నాలుగు రోజులు, రోజుకు 18 చొప్పున 72 హోల్స్ ఆడాలి. 71 పూర్తయ్యేసరికి ప్రపంచంలోని మేటి ఆటగాళ్లందరికన్నా ఒక దెబ్బ ముందున్నది ఆయనే.

మర్నాడు పత్రికలన్నీ దాన్ని అద్భుతం అన్నాయి. కథలోలా ఉందన్నాయి. ఆ మాటలు ప్రేమతో అన్నవే, కాదనను. కానీ నాకు ఆ మాట దగ్గర మనసు ఒప్పదు. అద్భుతం అంటే ఎలా జరిగిందో చెప్పలేనిది. టర్న్‌బెర్రీలో జరిగింది అలాంటిది కాదు. ఎలా జరిగిందో అడుగడుగునా చెప్పవచ్చు. ఒక మనిషి 34 ఏళ్ల పాటు ఒక రకం నేలనీ, ఒక రకం గాలినీ చదువుకుంటే ఏం చేయగలడో అక్కడ కనిపించింది. వయసు అడ్డం వచ్చినా ఆడాడని అందరూ అన్నారు. ఆ వయసు ఉంది కాబట్టే అలా ఆడగలిగాడని నేనంటాను. అదెలాగో చెప్పడానికే ఈ కాసేపు.

గోల్ఫ్ మన దగ్గర అందరూ చూసే ఆట కాదు కాబట్టి రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి వంద గజాల పైచిలుకు నుంచి ఆరు వందల గజాల దాకా కూడా ఉండవచ్చు. మొదట్లో బంతిని ఉంచి కొడతారు, చివర జెండా పాతిన చిన్న గుంటలో పడేయాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. ప్రతి హోల్‌కూ మంచి ఆటగాడికి ఇన్ని దెబ్బలు చాలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. దానికన్నా ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక గ్రీన్. ఆ గ్రీన్ మీద బంతిని మెల్లగా దొర్లించే దెబ్బ పట్. నాలుగు వందల గజాల దూరం రెండు దెబ్బల్లో దాటిన మనిషి, ఆఖరి నాలుగు అడుగులకు మరో రెండు దెబ్బలు తీసుకోవచ్చు. ఆ నాలుగు అడుగులకూ, ఆ నాలుగు వందల గజాలకూ లెక్కలో విలువ ఒకటే. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో కావాలి.

ఇక నేల సంగతి. అమెరికాలో గోల్ఫ్ మైదానాలు ఎక్కువగా చెట్ల మధ్య, నీళ్లు పెట్టి పెంచిన మెత్తని పచ్చికతో ఉంటాయి. అక్కడ బంతిని పైకి లేపి జెండా పక్కన దించితే పడ్డచోట ఆగుతుంది. స్కాట్లండ్, ఇంగ్లండ్, ఐర్లండ్ తీరాల్లో లింక్స్ అనే పాత మైదానాలున్నాయి. సముద్రానికీ పొలాలకూ మధ్య ఇసుక దిబ్బలు, వాటి మీద పల్చటి గట్టి గడ్డి. ఎండలు కాస్తే నేల గట్టిపడిపోతుంది. బంతి పడ్డాక ఇరవై గజాలు, ముప్ఫై గజాలు పరుగెత్తుతుంది. ఏ మిట్టకు తగిలి ఎటు పోతుందో తెలియదు. పైగా గాలి. పొద్దున ఒక దిక్కు నుంచి, మధ్యాహ్నం ఇంకో దిక్కు నుంచి. ఎదురు గాలిలో నాలుగో నంబరు ఐరన్ అనే క్లబ్బుతో కొట్టాల్సిన దూరాన్ని, అదే గాలి వెనక నుంచి వస్తే, మామూలుగా తక్కువ దూరం పోయే తొమ్మిదో నంబరుతో కొట్టాలి. ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఎప్పుడూ ఇలాంటి లింక్స్ మైదానాల్లోనే జరుగుతుంది. మన కోస్తాలో పాత తరం జాలరి ఒడ్డున నిలబడి గాలి వాసన చూసి ఈపూట వేటకు పోవచ్చో లేదో చెబుతాడే, అలాంటి తెలివి ఇక్కడ కావాలి. అది కండబలంతో వచ్చేది కాదు. పాతికేళ్ల కుర్రాడికి ఎంత శిక్షణ ఇచ్చినా ఒక్క ఏడాదిలో రాదు.

వాట్సన్‌కు కూడా మొదట్లో అది రాలేదు. ఆయన పుట్టింది 1949లో, సముద్రానికి ఎంతో దూరంగా మిస్సోరీ రాష్ట్రంలోని కేన్సస్ సిటీలో. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివాడు. 1974లో అమెరికా ఓపెన్‌లో మూడు రోజులు ముగిసేసరికి ముందుండి, చివరి రోజు 79 దెబ్బలు కొట్టి చేజార్చుకున్నాడు. ఒత్తిడికి తట్టుకోలేడని పేరు పడింది. ఆ రోజు ఆయన దగ్గరకు వచ్చి, సాయం చేస్తానన్నది వెనకటి తరం దిగ్గజం బైరన్ నెల్సన్. ఆ స్నేహం నెల్సన్ బతికున్నంత కాలం సాగింది.

మరుసటి ఏడాది, 1975లో, స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో వాట్సన్ మొదటిసారి ఓపెన్ ఆడాడు. మొదటిసారే గెలిచాడు. ఇక్కడ చిత్రమేమిటంటే, గెలిచాడే గానీ ఆ నేల ఆయనకు నచ్చలేదు. బాగా కొట్టిన బంతి మిట్టకు తగిలి పొదల్లోకి పోవడం, సరిగ్గా తగలని బంతి దొర్లుకుంటూ జెండా దగ్గరకు చేరడం ఆయనకు అన్యాయంగా తోచింది. గెలుస్తూనే ఆ నేలతో పోట్లాడాడు. కొన్నేళ్లకు గానీ ఆ పోట్లాట మానలేదు. 1981లో ఒక పెద్దవయసు మిత్రుడితో కలిసి ఐర్లండ్‌లోని బాలీబన్యన్‌కూ, స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న డార్నోక్‌కూ వెళ్లి, పోటీ ఏదీ లేకుండా ఊరికే ఆడుకున్నాడు. వానలో ఆడాడు, గాలిలో ఆడాడు. బంతిని పైకి లేపడం మానేసి నేలమీద నడిపించడం నేర్చుకున్నాడు. ఎగుడుదిగుళ్లను ఫిర్యాదు చేయాల్సిన విషయంగా చూడటం మానేసి ఆటలో భాగంగా తీసుకున్నాడు. 1975, 1977, 1980, 1982, 1983. ఐదుసార్లు ఓపెన్ గెలిచాడు. అందులో నాలుగు స్కాట్లండ్ నేల మీదే. అక్కడి జనం ఆయన్ని తమవాడిగా చేసుకున్నారు.

వాటిలో 1977 గురించి ఆగి చెప్పాలి. అది కూడా టర్న్‌బెర్రీలోనే. వాట్సన్‌కు 27 ఏళ్లు. ఎదుట ఉన్నది ఆ కాలపు చక్రవర్తి జాక్ నిక్లస్. ఇద్దరూ మొదటి రోజు 68, రెండో రోజు 70, మూడో రోజు 65. మూడు రోజుల లెక్కలు అచ్చంగా ఒకటే. నాలుగో రోజు ఇద్దరూ జంటగా బయల్దేరారు. మండే ఎండ, స్కాట్లండ్‌లో అరుదైన ఎండ. చివరి హోల్‌కు వచ్చేసరికి వాట్సన్ ఒక దెబ్బ ముందున్నాడు. నిక్లస్ బంతి ముళ్లపొదల దగ్గర పడింది. వాట్సన్ ఏడో నంబరు ఐరన్‌తో కొట్టిన బంతి జెండాకు రెండడుగుల దూరంలో ఆగింది. ఆట ముగిసినట్టే అనుకున్నారు. నిక్లస్ పొద పక్కనుంచి ఎలాగో బంతిని గ్రీన్ మీదకు చేర్చి, ముప్ఫై అడుగులకు పైబడిన పట్‌ను గుంటలో వేసేశాడు. ఇప్పుడు ఆ రెండడుగులు రెండడుగులు కావు. వాట్సన్ వేశాడు. నిక్లస్ ఆయన భుజం మీద చేయి వేసి నడిపించుకుంటూ వెళ్లాడు. వాట్సన్ మొత్తం 268, నిక్లస్ 269. మూడో స్థానంలో ఉన్నవాడు 279. అంటే ఆ ఇద్దరు ఒక ఆట ఆడారు, మిగతావాళ్లంతా ఇంకో ఆట ఆడారు. తర్వాత ఆ 18వ హోల్‌కు, ఎండలో ద్వంద్వయుద్ధం జరిగిన చోటని అర్థం వచ్చే పేరే పెట్టారు.

1984లో ఆరో ఓపెన్ చేతికందేంత దగ్గరకు వచ్చింది. ఆరుసార్లు గెలిచినవాడు చరిత్రలో ఒక్క హ్యారీ వార్డన్ మాత్రమే, ఆయన ఆరోది 1914లో. సెయింట్ ఆండ్రూస్‌లో 17వ హోల్ దగ్గర వాట్సన్ కొట్టిన బంతి గ్రీన్ దాటి, దారి దాటి, రాతిగోడ దగ్గర పడింది. స్పెయిన్ ఆటగాడు సెవె బలెస్టెరోస్ గెలిచాడు. ఆ తర్వాత వాట్సన్ చేతికి ఏదో అయింది. దూరం కొట్టే దెబ్బలు అలాగే ఉన్నాయి, మెరుగయ్యాయి కూడా. పోయింది పట్. అందులోనూ పొట్టి పట్‌లు. నాలుగడుగులు, ఐదడుగులు. కుర్రతనంలో ఆయన పట్ ఎంత ధైర్యంగా ఉండేదంటే, బంతి గుంట దాటి ఐదడుగులు పోయినా లెక్కచేసేవాడు కాదు, తిరిగి వేసేవాడు. ఆ తిరిగి వేసే చేయే వణికింది. దీన్ని గోల్ఫ్ ఆటగాళ్లు యిప్స్ అంటారు. ఆ పేరు ఎత్తడానికి కూడా కొందరు ఇష్టపడరు. బలంతో సంబంధం లేదు, సాధనతో పూర్తిగా పోదు. 1987 తర్వాత తొమ్మిదేళ్ల పాటు అమెరికా టూర్ పోటీల్లో ఒక్క విజయం లేదు. 1996లో, 46 ఏళ్ల వయసులో, ఒహాయోలో నిక్లస్ సొంతగా నడిపే పోటీలో గెలిచి ఆ కరువు తీర్చుకున్నాడు. 1998లో ఇంకొకటి. అంతే.

ఆయన క్లబ్బుల సంచి మోసిన కేడీ పేరు బ్రూస్ ఎడ్వర్డ్స్. కేడీ అంటే బరువు మోసేవాడు మాత్రమే కాదు. దూరం లెక్క కట్టేవాడు, గాలి గురించి రెండో మాట చెప్పేవాడు, పాడు రోజున పక్కన నడిచేవాడు. మధ్యలో కొన్నాళ్లు విడిపోయినా దాదాపు ముప్ఫై ఏళ్ల సాంగత్యం అది. 2003 జనవరిలో బ్రూస్‌కు ఎ.ఎల్.ఎస్. అని తేలింది. కండరాలను నడిపించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు, నయం చేసే మందు లేదు. ఆ జూన్‌లో అమెరికా ఓపెన్ మొదటి రోజు, 53 ఏళ్ల వాట్సన్ 65 కొట్టాడు. పక్కన బ్రూస్, అప్పటికే మాట ముద్దగా వస్తోంది. ఇద్దరూ ఏడ్చారు, చూస్తున్నవాళ్లూ ఏడ్చారు. 2004 ఏప్రిల్ 8న, మాస్టర్స్ పోటీ మొదలయ్యే రోజు పొద్దున, బ్రూస్ పోయాడు. 2009లో టర్న్‌బెర్రీలో వాట్సన్ సంచి మోసింది నీల్ ఆక్స్‌మన్, బ్రూస్‌కు పాత స్నేహితుడు. ఆ వారం నడుస్తూ నడుస్తూ వాళ్లిద్దరూ బ్రూస్ మనతోనే ఉన్నాడని చెప్పుకుని కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు ఆ నాలుగు రోజులకు వద్దాం.

టర్న్‌బెర్రీ అంటే కళ్ల ముందు ఉండే బొమ్మ ఇది. ఒకవైపు సముద్రం, సముద్రంలో ఐల్సా క్రెయిగ్ అనే గుండ్రటి రాతి దీవి. ఒడ్డున తెల్లటి దీపస్తంభం. యుద్ధకాలంలో ఆ మైదానం విమానాల స్థావరం, ఆ రన్‌వే ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. 2009లో మైదానం పొడవు 7,204 గజాలు, పార్ 70. వాట్సన్ అక్కడికి కొత్తవాడు కాదు. 1977లో గెలిచాడు. 1994లో మూడు రోజులు దగ్గరగా ఉండి చివరి రోజు జారిపోయాడు. 2003లో అక్కడే సీనియర్ల ఓపెన్ గెలిచాడు. ఏ గాలికి ఏ దిబ్బ వెనక బంతి ఎలా దొర్లుతుందో ఆయనకు తెలుసు.

మొదటి రెండు రోజులు నిర్వాహకులు ఆయన్ని ఎవరితో జతచేశారో చూడండి. ఒకరు స్పెయిన్‌కు చెందిన సెర్హియో గార్సియా. ఇంకొకరు ఇటలీ కుర్రాడు మత్తెయో మనస్సేరో, బ్రిటిష్ అమెచ్యూర్ విజేత, 16 ఏళ్లవాడు. వాట్సన్ 1977లో అక్కడ గెలిచినప్పుడు ఆ పిల్లవాడు పుట్టడానికి ఇంకా పదిహేనేళ్లకు పైగా ఉంది.

గురువారం గాలి లేదు. వాట్సన్ 65 కొట్టాడు, ఒక్క బోగీ లేకుండా. ఆధిక్యంలో ఉన్న మిగెల్ ఏంజెల్ హిమెనెజ్‌కు ఒక్క దెబ్బ వెనక. ముసలాయన మొదటి రోజు ముచ్చట తీర్చుకున్నాడులే అనుకున్నారంతా. శుక్రవారం గాలి లేచింది. ముందు సగంలో వాట్సన్‌కు బోగీ వెనక బోగీ. గార్సియా ఆయన్ని ముసలాయనా కానీ అని హుషారు చేశాడట. తర్వాత పట్టు దొరికింది. 16వ గ్రీన్ మీద చాలా పొడుగు పట్ ఒకటి, 18వ గ్రీన్ మీద మరొకటి గుంటలో పడ్డాయి. రోజు ముగిసేసరికి 70, ఉమ్మడిగా మొదటి స్థానం. అదే రోజు టైగర్ వుడ్స్ కట్ దాటలేక ఇంటికి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత వెనకబడినవాళ్లను తప్పించే గీతను కట్ అంటారు. అప్పటి ప్రపంచ ప్రథమ ఆటగాడు ఆ గీతకు అవతల, 59 ఏళ్లవాడు జాబితా పైన.

నేను చెప్పదలుచుకున్నది సరిగ్గా ఇక్కడే ఉంది. గాలి లేని రోజున బలమున్నవాళ్లందరూ బాగా ఆడతారు. గాలి లేచిన రోజున కదా తేడా తెలిసేది. వుడ్స్ వయసు అప్పటికి 33. అతని ఒంట్లో ఉన్న శక్తిలో సగం కూడా వాట్సన్ ఒంట్లో లేదు. కానీ వాట్సన్ గాలితో కుస్తీ పట్టలేదు. బంతిని కిందుగా కొట్టి, గ్రీన్‌కు ముందే పడేసి, దొర్లనిచ్చాడు. బోగీ వచ్చినప్పుడు దాన్ని వెంటనే పూడ్చుకోవాలని తొందరపడలేదు. ఈ నేల మీద అందరికీ బోగీలు వస్తాయని ఆయనకు ముందే తెలుసు. ఎప్పుడు గెలవాలో తెలియడం ఒకటి, ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం ఇంకొకటి. రెండోది వయసు మీదపడితే గానీ రాదు.

శనివారం 71. చివర్లో మళ్లీ 16లో, 17లో బర్డీలు. ఇప్పుడు ఆయన ఒక్కడే మొదటి స్థానంలో. గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీలను మేజర్లు అంటారు, ఓపెన్ వాటిలో ఒకటి. అంతకుముందు ఏ మేజర్ పోటీలోనూ అంత వయసువాడు మూడు రోజులు ముగిసేసరికి ముందున్నది లేదు. మేజర్ గెలిచిన అతి పెద్దవయసువాడుగా అప్పటికి జూలియస్ బోరోస్ పేరు ఉండేది, 1968లో, 48 ఏళ్లకు. నిక్లస్ 1986లో 46 ఏళ్ల వయసులో మాస్టర్స్ గెలిస్తే ప్రపంచం అబ్బురపడింది. చివరి తొమ్మిది హోల్స్ 30 దెబ్బల్లో ముగించి, కొడుకు జాకీ సంచి మోస్తుండగా గెలిచాడు. అది కూడా నాకెంతో ఇష్టమైన కథ. కానీ 46కూ 59కీ మధ్య పదమూడేళ్లున్నాయి. ఆటగాడి ఒంటికి ఆ పదమూడేళ్లు చిన్నవి కావు.

ఆదివారం ఆట మొత్తం వర్ణించను. ఆధిక్యం చేతులు మారింది. రాస్ ఫిషర్ వచ్చాడు, పోయాడు. లీ వెస్ట్‌వుడ్ వచ్చాడు. వాట్సన్ కొన్ని దెబ్బలు వదులుకున్నాడు, కొన్ని తిరిగి తెచ్చుకున్నాడు. ముందు వెళ్లిన స్టువర్ట్ సింక్ అనే అమెరికన్ 18వ హోల్‌లో బర్డీ కొట్టి, మొత్తం మీద పార్‌కు రెండు తక్కువతో ముగించాడు. వాట్సన్ 17లో బర్డీ కొట్టాడు. మూడు తక్కువ. ఇక ఒక్క హోల్. పార్ చాలు.

18వ హోల్. మొదటి దెబ్బ చక్కగా మధ్యలో పడింది. గ్రీన్‌కు రెండో దెబ్బ మిగిలింది. గాలి వెనక నుంచి. చేతిలోకి ఎనిమిదో నంబరు ఐరన్ తీసుకున్నాడు. తొమ్మిదో నంబరు కూడా ఆలోచించాడు. కొట్టాడు. తాను కొట్టాలనుకున్నది సరిగ్గా అదేనని ఆయన తర్వాత చెప్పాడు. బంతి జెండా వైపే వెళ్లింది. గ్రీన్ మీద పడింది. పడి ఆగలేదు. వెనక గాలి ఉన్నప్పుడు బంతికి వెనక్కి తిరిగే పట్టు తగ్గుతుంది, కాస్త చదునుగా దిగుతుంది, గట్టి నేల మీద పరుగు పెరుగుతుంది. అలా దొర్లుతూ దొర్లుతూ గ్రీన్ వెనక అంచు దాటి, గడ్డి మొదలయ్యే చోట ఆగింది. 1977లో ఇదే గ్రీన్ మీద ఏడో నంబరుతో కొట్టింది రెండడుగుల్లో ఆగింది. 2009లో ఎనిమిదో నంబరుతో కొట్టింది ఆగలేదు. రెండూ మంచి దెబ్బలే.

ఆ బంతి పరుగు వయసుకు కట్టాల్సిన పన్ను కాదు. పాతికేళ్లవాడు కొట్టినా అలాగే దొర్లేది. యౌవనంలో తాను అన్యాయమన్న ఆ నేల, తర్వాత ప్రేమించిన ఆ నేల, ఆ ఒక్కసారి ఆయన వైపు మొగ్గలేదు, అంతే. ఇది నేను నొక్కి చెప్పడానికి కారణముంది. ముసలితనం చివరికి కాలు పట్టుకుని లాగిందని చాలామంది రాశారు. కాలు పట్టి లాగింది వేరొకటి.

గ్రీన్ వెనక నుంచి ఆయన పట్ కొట్టే క్లబ్బు, పటర్‌తోనే బంతిని తోశాడు. గట్టిగా తోశాడు. గుంట దాటి ఎనిమిది అడుగులు పోయింది. ఇప్పుడు ఆ ఎనిమిది అడుగులు పడితే ఓపెన్ ఆయనది. ఆరోది. వార్డన్ సరసన. ఆయన నిలబడ్డాడు, పట్ కొట్టాడు. ఆ దెబ్బలో ప్రాణం లేదు. గుంటను తాకనైనా తాకలేదు. చెత్తగా కొట్టానని ఆయనే ఒప్పుకున్నాడు. 1987 నుంచి వెంటాడుతున్న ఆ పాత జబ్బు, నాలుగు రోజులు దాక్కుని, ఆ ఒక్క దెబ్బకు బయటికొచ్చింది. అది 59 ఏళ్ల జబ్బు కాదు. 40 ఏళ్లు నిండకముందే వచ్చిన జబ్బు. ఆ వారం అంతా దాన్ని ఆయన అదుపులో పెట్టుకున్నాడు. అందుకే ఆ ఓటమి ఇంతకాలమైనా గుచ్చుకుంటుంది.

ఇద్దరి లెక్కలూ సమానం, 278. విజేతను తేల్చడానికి నాలుగు హోల్స్ ప్లేఆఫ్. అది చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒంట్లో ఓపిక అయిపోయింది. 17వ హోల్‌లో బంతి పొడుగు గడ్డిలోకి పోయి ఏడు దెబ్బలు పట్టింది. సింక్ 14, వాట్సన్ 20.

స్టువర్ట్ సింక్ గురించి ఒక మాట అనకుండా వెళితే అన్యాయం. ఆ సాయంత్రం అతను గెలిచినందుకు సంతోషించినవాళ్లు అతని ఇంటివాళ్లు తప్ప పెద్దగా ఎవరూ లేరు. అతను చేసిన తప్పేమిటి? చివరి హోల్‌లో బర్డీ కొట్టాడు, ప్లేఆఫ్‌లో పార్‌కు రెండు తక్కువ ఆడాడు. అతని వయసు 36. అది అతని మొదటి మేజర్, ఏకైక మేజర్. తర్వాత పదకొండేళ్లు అతనికి టూర్‌లో ఒక్క గెలుపూ రాలేదు. 2020 సెప్టెంబరులో, 47 ఏళ్ల వయసులో, కొడుకు రేగన్ కేడీగా పక్కన ఉండగా కాలిఫోర్నియాలో గెలిచాడు. 2021 ఏప్రిల్‌లో మళ్లీ గెలిచాడు, అప్పుడూ కొడుకే పక్కన. టర్న్‌బెర్రీలో పెద్దాయనకు అడ్డుపడిన మనిషే ఆ పెద్దాయన దారిలో నడిచాడు. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలియాలి.

ఆ ఆదివారం రాత్రి వాట్సన్ విలేకరుల ముందుకు వచ్చాడు. గదంతా మొహాలు వేలాడేసి కూర్చున్నారు. ఇదేమీ అంత్యక్రియలు కాదండీ అని మొదట ఆయనే అన్నాడు. బాధ లేనట్టు నటించలేదు, గుండె కోసినట్టుందని చెప్పాడు. తానేదో ఆత్మీయ వీడ్కోలు పలకడానికి రాలేదనీ, గెలవడానికి వచ్చాననీ ఆయన మాటల్లో స్పష్టంగా ఉంది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. పెద్దవయసువాళ్లు పోటీకి వస్తే మనం చప్పట్లు కొట్టి, రావడమే గొప్ప అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, కానీ పక్కకు నెట్టడం కూడా ఉంది. వాట్సన్ ఆ చప్పట్లు తీసుకున్నాడు గానీ ఆ పక్క స్థానం తీసుకోలేదు.

2021లో ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ల వయసులో, దక్షిణ కెరొలైనాలోని కియావా దీవిలో, పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచి బోరోస్ రికార్డు దాటాడు. అది కూడా సముద్రపు ఒడ్డే, అక్కడా గాలే. ఇది కాకతాళీయమని నేననుకోను.

టర్న్‌బెర్రీ ఓటమి వల్ల ఒక నిబంధన మారింది. అప్పటిదాకా పాత విజేతలకు ఓపెన్‌లో నేరుగా ఆడే హక్కు 60 ఏళ్ల దాకానే. ఆ లెక్కన వాట్సన్‌కు 2010 ఆఖరిది కావాలి. పోటీ నడిపే ఆర్ అండ్ ఏ సంస్థ కొత్త నియమం తెచ్చింది. పాత విజేత ఎవరైనా మొదటి పది స్థానాల్లో నిలిస్తే, వయసుతో పని లేకుండా ఇంకో ఐదేళ్లు ఆడవచ్చు. ఎవరి కోసం రాశారో అందరికీ తెలుసు. ఆ ఐదేళ్లు ఆయన దయగా వాడుకోలేదు, పనిగా వాడుకున్నాడు. 2011లో ఇంగ్లండ్‌లోని రాయల్ సెయింట్ జార్జెస్‌లో ఆరో హోల్‌ను ఒకే దెబ్బలో ముగించాడు. 61 ఏళ్ల వయసులో ఆ పోటీని 22వ స్థానంలో ముగించాడు. అదే ఏడాది సీనియర్ పీజీఏ గెలిచాడు. 2014లో రాయల్ లివర్‌పూల్‌లో, 64 ఏళ్ల వయసులో, కట్ దాటాడు. ఓపెన్ చరిత్రలో అంత వయసువాడు అంతకుముందెవరూ ఆ గీత దాటలేదు. శనివారం, ఆదివారం కూడా బరిలోనే ఉన్నాడు.